చెప్పుకొని ఏడవడం

నాకు గ్యాస్ అన్నారు. నంద్యాలలో గుండె బరువుగా ఉందని ఎవరు డాక్టరు దగ్గరికి పోయినా మొదట వినేది ఆ మాటే. ఒకాయన పరగడుపున వేసుకునే మాత్ర రాశాడు. ఇంకొకాయన కారం తగ్గించమన్నాడు. కారం తగ్గించాక ఇంక దేనికి బతకాలో మాత్రం చెప్పలేదు. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, పొట్టకు స్కానింగ్ చేశారు. కాగితాల్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రొమ్ము మీద సిమెంటు మూట పెట్టినట్టున్న ఆ బరువు మాత్రం మూడేళ్లపాటు దిగలేదు.

మాకు ఆళ్లగడ్డ దగ్గర తొమ్మిదెకరాల నల్లరేగడి ఉంది. పిల్లల చదువుల కోసం కాపురం నంద్యాలకు మార్చాం. చదువులయిపోయి పిల్లలు ఉద్యోగాలకు వెళ్లినా మేమిద్దరం అదే అద్దె ఇంట్లో ఉండిపోయాం. వారంలో నాలుగైదు రోజులు పొద్దున్నే మోటారు సైకిలు మీద చేనికి పోయి, ఎండ ముదిరేలోగా తిరిగొస్తాను. ఆ దారిలో నేను చూసేవన్నీ నాకు కోపం తెప్పించేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన చింతచెట్ల జాగాలు కోపం తెప్పించేవి. చిన్నప్పుడు నేను కుందూ నదిలో దోసిలి పట్టి నీళ్లు తాగాను. ఇప్పుడు వంతెన మీద ముక్కు మూసుకొని పోవాలి. ఇంటికి రాగానే టీవీ పెట్టేవాణ్ణి. ఎక్కడో అడవి తగలబడుతుండేది, ఎక్కడో వరద, ఎక్కడో మంచుకొండ కరుగుతుండేది. వార్తలు చదివే అమ్మాయి మీద అరిచేవాణ్ణి. ఆ అమ్మాయి చేసిన తప్పేమీ లేదు.

నా భార్య ఓపికగల మనిషి. ఆమెకు కూడా విసుగొచ్చింది. ఒకరోజు అన్నం పెడుతూ అడిగింది.

"ఎవుర్ని తిడతాండారో మీకన్నా తెలుసునా?"

"లోకాన్ని" అన్నాను.

"లోకం ఈడ లేదు. ఈడుండేది నేనొక్కదాన్నే. అన్నీ నేనే పడతాండా" అని చెంబు పెట్టి లోపలికి పోయింది. ఆ పూట నేను కంచంలోనే చేయి కడుక్కున్నాను. ఆమె అన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు.

ఇదంతా ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. తెలిసీ ఆ వైపు చూడకుండా మూడేళ్లు గడిపాను. ఆ సంగతి ఇప్పుడు చెప్పాలి.

ఆ ఏడు మేము నాలుగెకరాల్లో పొద్దుతిరుగుడు వేశాం. పూత మొదలయ్యే ముందు ఒకాయన వచ్చాడు. ఏలూరు దగ్గరి మనిషి, నలభై ఏళ్లుంటాయి. తేనెపెట్టెలు లారీలో వేసుకొని, పూత ఎక్కడుంటే అక్కడికి తిరుగుతుంటాడు. మా చేని గట్టు మీద నలభై పెట్టెలు పెట్టుకుంటానని అడిగాడు. ఆయనకు తేనె వస్తుంది, మాకు గింజ బాగా కడుతుంది. ఇందులో వద్దనడానికి ఏముంది. పెట్టుకోమన్నాను.

పెట్టెలు దించాక ఆయన చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, "ఒక్క సాయం చేయాలండీ. మందు కొట్టాలనుకుంటే ముందురోజు సాయంత్రం నాకు ఒక్క మాట చెప్పండి. పెట్టెలు మూసేసుకుంటాను. మీ పని ఆపనండీ" అన్నాడు.

"చెప్తాలేప్పా" అన్నాను.

ఆ మాట అనేటప్పుడు నేను అబద్ధమాడలేదు. చెప్పాలనే అనుకున్నాను.

పూత వచ్చింది. ఉదయం ఏడున్నరకు నేను బండి ఆపేసరికి చేను మొత్తం ఒకే గొంతుతో పలుకుతున్నట్టు ఉండేది. పొయ్యి మీద పెద్ద డేగిసాలో నీళ్లు మరగబోయే ముందు ఒక రొద వస్తుంది చూడండి, అలాంటి రొద. నాకు ఆ చప్పుడు బాగా నచ్చింది. ఎవరికీ చెప్పలేదు. తేనీగల చప్పుడు బాగుందని చెబితే మావాళ్లు నన్ను ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపుదామా అని అడుగుతారు. ఊరికే గట్టు మీద కూర్చొని, బీడీ కూడా ముట్టించకుండా కాసేపు వినేవాణ్ణి.

పదిరోజులకు పువ్వులకు పచ్చపురుగు పట్టింది.

మా వైపు ఒక అలవాటుంది. మందు కొట్టే సంగతి ముందుగా బయటికి చెప్పరు. నేను కొడితే నా చేనిలో పురుగు పక్క చేనికి ఎగబాకుతుందని పక్కవాడి భయం. ఆ సంగతి తెలిస్తే నాకంటే ముందు వాడే కొడతాడు, అప్పుడు వాడి పురుగు నా మీద పడుతుందని నా భయం. అందుకని మందు తెచ్చేది సంచిలో దాచి తెస్తారు, తెల్లవారేసరికి పంపులు ఎత్తుకుంటారు, ఎండెక్కేలోగా ముగిస్తారు. మా నాయన అట్లాగే చేశాడు. నేనూ అట్లాగే నేర్చుకున్నాను. ఎందుకు దాస్తున్నామో ఎప్పుడూ ఆలోచించలేదు. అన్నం తినేముందు కాళ్లు కడుక్కున్నట్టు అదొక అలవాటు.

కొట్టే ముందురోజు సాయంత్రం ఆయన మా గట్టు మీద లేడు. మిగతా పెట్టెలు సిరివెళ్ల వైపు ఇంకొకరి చేనిలో ఉంటే అక్కడికి పోయాడు. ఆయన లేని రోజు చూసి కొట్టానని నేను అనను. కానీ లేడని నాకు తెలుసు. ఆయన నంబరు నా ఫోన్లో ఉంది. చేద్దామా అనుకున్నాను. ఫోన్లో చెబితే ఆ చేనివాళ్లు వింటారు, వాళ్లకు మా పక్క చేనివాళ్లు బంధువులు. చేయలేదు. ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకున్నాను.

ఇద్దరు కూలీలను పెట్టి తెల్లవారుతుండగానే కొట్టించాను. ఎనిమిదికంతా అయిపోయింది. ఎనిమిదిన్నర నుంచి ఈగలు పడటం మొదలుపెట్టాయి. పువ్వుల మీద నుంచి జారి కింద పడి, వెల్లకిలా తిరిగి, ఒక్కచోటే గిరగిరా తిరిగాయి. కొన్ని పెట్టెల దాకా పోయి గుమ్మం ముందు పడ్డాయి. లోపలివి బయటికి వచ్చి వాటిని ఈడ్చాయి, ఈడ్చినవి కూడా వాటి పక్కనే పడ్డాయి. పది గంటలకు చేనిలో చప్పుడు లేదు. కూలీల్లో ఒకడు చూసి, "అన్నా, ఈగలన్నీ సచ్చిపాయ గదన్నా" అన్నాడు. "గమ్మునుండు" అన్నాను.

ఆయన మధ్యాహ్నం వచ్చాడు. పెట్టెల ముందు గొంతుక్కూర్చొని, చనిపోయిన ఈగలను దోసిట్లోకి తీసుకున్నాడు.  నేను దగ్గరికి పోయి, "ఎండ దెబ్బ కొట్టిందేమోప్పా" అన్నాను.

అది మాఘమాసం. ఆ పొద్దు ఎండకు ఒడియాలు కూడా ఎండవు.

"ఎండకా అండీ?" అన్నాడు ఆయన.  వేపమండ విరిచి, చచ్చినవాటిని ఒకచోటికి ఊడ్చాడు.

ఆ తరువాత రెండు రోజులు ఆయన గట్టు మీదే ఉన్నాడు. లారీ దొరకలేదని కూలీలతో అన్నాడట. ఆ రెండు రోజులూ నేను కాలవ వైపు నుంచి చేనిలోకి పోయాను, ఆయన కంటపడకుండా. మూడోరోజు పోయి చూస్తే గట్టు ఖాళీగా ఉంది. మోటారు గది మెట్టు మీద రెండు సీసాల తేనె పెట్టి పోయాడు. ఇస్తానని చెప్పిన తేనె అది. ఇంటికి తెచ్చి నా భార్య చేతికిచ్చాను. నేను ఇప్పటిదాకా దాన్ని నోట్లో పెట్టుకోలేదు.

పంట సంగతి చెప్పాలంటే, ఈగలు లేకపోతే గింజ కట్టదు కాబట్టి ఆడకూలీలను పెట్టించాను. చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకొని ఒక్కో పువ్వు మీద రుద్దుకుంటూ పోవాలి. నాలుగెకరాలు. ఎనిమిదిమంది ఆడవాళ్లు పది పొద్దులు రుద్దారు. అయినా సగం తాలు పోయింది. ఒకామె రుద్దుతూ రుద్దుతూ నవ్వింది. "ఈగలు చేసే పని మాతో చేయిస్తాండావు, రేపు మాకూ మందు కొడతావా యేమన్నా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రొమ్ము మీద బరువు నాకు మొదట తెలిసింది ఆ పొద్దే.

ఆ తరువాత మూడేళ్లు లోకాన్ని తిట్టాను. అడవులు తగలబెట్టేవాళ్లను, చెట్లు కొట్టేవాళ్లను, నదుల్లో మురుగు కలిపేవాళ్లను. ఎవరు దొరికితే వాళ్లను. తిట్టినంతసేపూ బాగుండేది. ఆపగానే మూట మళ్లీ రొమ్ము మీదికి వచ్చేది. ఏడుపు రాలేదు. మా ఇంట్లో మగవాళ్లకు ఏడుపు నేర్పలేదు. మా నాయన పోయినప్పుడు కూడా నేను షామియానా కింద కుర్చీలు లెక్కపెట్టుకుంటూ తిరిగాను.

పోయిన ఏడాది ఎండాకాలం మొదట్లో, ఆళ్లగడ్డ పక్క పల్లెలో మా బంధువు ఒక పెద్దాయన పోయాడు. మా మేనత్తను అక్కడికి నేనే తీసుకుపోయాను. మా నాయనకు చెల్లెలు, ఎనభై దాటిన మనిషి, ఆళ్లగడ్డలో శిల్పులుండే వీధిలో ఒక్కతే ఉంటుంది. చావు జరిగిన ఇంట్లో ఆమె గొంతు కోసం ఎదురుచూస్తారు. మాలో ఆడవాళ్లు ఊరికే ఏడవరు. చెప్పుకొని ఏడుస్తారు. ఒకరి మెడ ఒకరు పట్టుకొని, పోయినవాళ్లు ఎట్లా ఉండేవాళ్లో, ఏం తినేవాళ్లో, ఎవరికి ఏం పెట్టారో వరసపెట్టి చెబుతారు. మా అత్త మొదలుపెట్టాకే మిగతావాళ్లకు మాట వస్తుంది.

ఆ రోజు మగవాళ్లంతా బయట కుర్చీల్లో ఉన్నారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల మా అత్త ఆ పెద్దాయన ఎద్దులను ఎట్లా పిలిచేవాడో, చెప్పులు ఎక్కడ విడిచేవాడో, బెల్లం ఎట్లా దాచుకొని తినేవాడో చెబుతోంది. నాకు ఆయన పెద్దగా తెలియదు. ఐనా కిటికీ వదిలి కుర్చీల వైపు పోలేకపోయాను.

మధ్యాహ్నం ఆమెను ఇంటి దగ్గర దించాను. కాళ్లు కడుక్కొని, అరుగు మీద కూర్చొని, ఆకు వక్క నోట్లో వేసుకుంది. ఎదురింట్లో మిషను పెట్టి రాయి కోస్తున్నారు. ఆ దుమ్ము మా ఇద్దరి మీదా పడుతోంది. పోయొస్తానని లేచాను.

"కూచో" అంది. "మొగోళ్లంతా ఆడ కుర్చీల్లో కూచోని ఫోన్లు చూస్తాండ్రి. నువ్వొక్కడివే కిటికీ కాడ నిలబడి మమ్మల్ని చూస్తాంటివి. ఏందీ సంగతి?"

"ఏమీ లేదత్తా. రొమ్ము బరువుగా ఉంటాది. గ్యాస్ అన్నారు."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను మొదలుపెట్టాను. నిద్ర సరిగా లేదని చెప్పాను. ఏది చూసినా కోపమొస్తుందని, ఎండలు చూస్తే భయంగా ఉందని, మన పిల్లలు ఏ నీళ్లు తాగి ఏ గాలి పీల్చి బతుకుతారోనని చెప్పాను. టీవీ చూడలేకపోతున్నానని, చూడకుండా కూడా ఉండలేకపోతున్నానని చెప్పాను. ఆమె విని, ఉమ్మి వచ్చి కూర్చుంది.

"అదంతా నీ సంగతి. పోయిందెవురు?"

"ఎవురూ పోలేదత్తా."

"ఎవురూ పోకుండా మనిషి ఇట్ల ఉండడప్పా. నేను చానా మందిని చూసినా. ఎవురు పోయినారు?"

ఆ ప్రశ్న నన్ను ఏ డాక్టరూ అడగలేదు.

"ఈగలు" అన్నాను.

అని, నవ్వుతుందేమోనని తల వంచుకున్నాను. ఆమె నవ్వలేదు. "ఏ ఈగలు?" అంది. తేనీగలని చెప్పాను. "ఐతే ఆటి సంగతి చెప్పు. ఎట్లుండె, ఏం చేస్తాండె, అది చెప్పు. నీ రొమ్ము సంగతి తర్వాత చూస్తాం" అంది.

 పొద్దున్నే చేనిలో వినపడే రొద గురించి చెప్పాను. ఒక్కో ఈగ కాళ్లకు పచ్చటి పుప్పొడి ముద్దలు ఎట్లా అంటుకునేవో, ఆ బరువుతో పెట్టె గుమ్మం దగ్గర ఎట్లా తూలేవో చెప్పాను. నా చేతి మీద వాలితే కుట్టేవి కావని, చెమట నాకి పోయేవని చెప్పాను. చెబుతుంటే నాకే ఆశ్చర్యమేసింది. ఇంత చూశానా నేను అనిపించింది. మా అత్త మధ్యలో "అవునా నాయనా", "అట్లనా నాయనా" అంటూ ఉంది, చావింట్లో అన్నట్టే. అవి చచ్చిన రోజు దాకా వచ్చాను. ఆమె చేయి నా మెడ మీద వేసింది.

"నేనే మందు కొట్టించినానత్తా. పెట్టెలాయప్పకు చెప్తానని చెప్పల్యా" అన్నాను.

అప్పుడు వచ్చింది. యాభై ఆరేళ్ల మగవాణ్ణి, వీధిలోకి కనబడే అరుగు మీద, పట్టపగలు ఏడ్చాను. ఎదురింటి మిషను ఆగింది. ఆగినా నేను ఆపలేకపోయాను. ఈగల దగ్గర మొదలైంది అక్కడ ఆగలేదు. చింతచెట్ల సంగతి వచ్చింది. వాటి కింద బండి ఆపి నాయన నాకు దోరగా పండిన ఓనకాయలు ఏరిచ్చిన సంగతి వచ్చింది. కుందూ నీళ్ల సంగతి, వాన వచ్చే ముందు గుంపులుగా తిరిగే తూనీగల సంగతి, చివరికి మా నాయన సంగతి కూడా వచ్చింది. వాటిలో నేను పోగొట్టినవి కొన్ని, నేను చూస్తుండగా పోయినవి కొన్ని. ఇన్నాళ్లూ కోపం అనుకున్నదాని అడుగున ఇదే ఉంది. ఇవన్నీ నాకు ఇష్టమని నాకే తెలియదు.

అంతా అయ్యాక చెంబుతో నీళ్లిచ్చింది. మొహం కడుక్కున్నాను. బరువు పూర్తిగా దిగలేదు. కానీ ఊపిరి అడుగుదాకా పోయింది. ఇక బయలుదేరుదామని చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే ఆమె అడిగింది.

"ఆయప్పకు చెప్తివా?"

"లేదత్తా."

"ఐతే నాకేంటికి చెప్పినావ్. నా ఈగలా అవి?"

ఈ మాట అనేటప్పుడు ఆమె గొంతులో జాలి లేదు. లోపలికి పోయి పడుకుంది.

మర్నాడు పొద్దున నంద్యాలలో మిద్దె మెట్ల మీద కూర్చొని ఫోన్ చేశాను. నంబరు మారిపోయి ఉంటే బాగుండుననుకున్నాను. మారలేదు. రెండోసారికి ఎత్తాడు. ఆళ్లగడ్డ పొద్దుతిరుగుడు చేనివాణ్ణని చెప్పగానే గుర్తుపట్టాడు. బాగున్నారా అని అడిగాడు. ఈగల పని మానేశానని, ఇప్పుడు చేపల చెరువు దగ్గర కాపలా ఉంటున్నానని చెప్పాడు. నేను ఇక ఆగితే మళ్లీ చెప్పలేనని అర్థమైంది.

"ఆ పొద్దు మందు కొట్టించింది నేనేప్పా. ఎండ కాదు" అన్నాను.

"తెలుసండీ" అన్నాడు. "నేను వచ్చేసరికి ఆకుల అడుగున ఇంకా తడి ఉందండీ. వాసన కూడా పోలేదు."

"మరి అడగల్యా నువ్వు?"

"మీరే చెబుతారని చూశానండీ. లారీ ఆ సాయంత్రమే వస్తానన్నాడు, నేనే ఆపాను. పందొమ్మిది పెట్టెలు ఇంకా బతికే ఉన్నాయి. మీరొక్క మాట చెప్పుంటే ఓ నాలుగు రోజులు దూరంగా పెట్టుకొని, మందు పస పోయాక మళ్లీ మీ గట్టు మీదికే తెచ్చేవాణ్ణి. మీ పువ్వు అప్పటికి సగం కూడా విచ్చుకోలేదు కదండీ. చెప్పని మనిషి చేనిలో ఎట్లా ఉంచనండీ, మళ్లీ ఏ రోజు కొడతారో నాకెట్లా తెలుస్తుంది?"

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ రెండు రోజులూ నేను కాలవ వైపు నుంచి దొంగలా పోతుంటే, ఆయన గట్టు మీద కూర్చొని నా కోసం చూశాడు. ఒక్క మాటతో పందొమ్మిది పెట్టెలు నిలిచేవి, నా పంట నిలిచేది, బహుశా ఆయన పని కూడా నిలిచేది. తప్పయిందప్పా అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో నాకు తెలుసు. 

 అటు వైపు చెరువులో నీళ్లు తిప్పే యంత్రం చప్పుడు వినిపిస్తోంది.

"ఇన్నేళ్లకు ఇప్పుడెందుకు చెప్పారండీ?" అన్నాడు.

"నిన్న ఏడుపొచ్చిందప్పా, ఆటిని తలచుకొని."

 

"నాకు ఆ రోజే వచ్చిందండీ" అన్నాడు. "మీ చేనిలో ఏడిస్తే మీరు ఇబ్బంది పడతారని, సిరివెళ్ల దాటాక లారీ మీద ఖాళీ పెట్టెల మధ్య కూర్చొని ఏడ్చాను."